తిప్పక్క కూర్చున్న రాయి

చింతమాను మలుపు తెలుసు గదా మీకు? నంద్యాల పోయే పెద్దరోడ్డు మీద, మన ఊరి పేరు రాసిన బోర్డు దాటినాక, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొమ్మలన్నీ కొట్టేస్తే మొండిగా మిగిలిన చింతమాను ఉండాదే, ఆ మలుపు. మా చిన్నప్పుడు ఆ మాను కింద దెయ్యముందని ఎవరూ పోయేటోళ్ళు కాదు. ఇప్పుడు ఆ దెయ్యాన్ని అడిగేవాళ్ళే లేరు, పాపం, దానికి పనే లేకుండా పాయె. ఎందుకంటే దానికి ఎదురుగానే సుంకన్న నిలబెట్టిన రాళ్ళుండాయి, పొద్దు నడినెత్తికి వచ్చినాక ఆ రాళ్ళ నడుమకు మన ఊరోళ్ళు ఒక్కరు కూడా కాలు పెట్టరు. ఎందుకు పెట్టరో చెప్తా, చెనక్కాయలు వలుస్తా వినండి, మీ చేతులు ఆగితే నా నోరూ ఆగిపోతాది. ఓబుళేసూ, నువ్వు వలిచేది తక్కువ, నోట్లో వేసుకునేది ఎక్కువగా ఉండాది, అవి విత్తనానికి నాయనా.

బాలసుంకన్న అంటే మీలో చిన్నోళ్ళకు హోటలు సుంకన్న. నలభై ఏండ్లు నాపరాళ్ళ గనిలో రాళ్ళు చీల్చినవాడు. వాడు ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే బండ జొన్నరొట్టె విరిగినంత తేలిగ్గా రెండయ్యేదంట. అయితే ఆ గని వాని మోకాలిని కూడా అట్లే రెండు చేసింది. గనిలోకి దిగలేక, ఇంట్లో కూర్చోలేక, చింతమాను మలుపులో హోటలు పెట్టుకున్నాడు. వంట చేసేది వాని పెండ్లాం చెన్నమ్మ. ఆయమ్మ నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాని తిన్నోడు రెండో ప్లేటు అడక్కుండా లేచింది లేదు. మలుపు కాబట్టి బస్సులు మెల్లగా వచ్చేవి, మెల్లగా వచ్చినాయి కాబట్టి ఆగేవి, ఆగినాయి కాబట్టి వాళ్ళ పొయ్యి మండేది. ఆ తర్వాత గవర్మెంటోళ్ళు వచ్చి మలుపును సాపు చేసి రోడ్డును పెద్దది చేసిరి. ఇంకేముంది, బస్సులు చూసి చూడనట్లు రయ్యిమని పోతాండాయి. బస్సులు ఆగకుంటే హోటలు మూసుకోవాల, మూసుకుంటే మళ్ళీ గనిలోకి దిగాల, దిగుదామంటే మోకాలు లేదు. సుంకన్నకు నిద్ర పట్టేది కాదు.

అట్లుండగా ఒక లారీ డ్రైవరు టీ తాగుతా తాగుతా సెల్లుఫోనులో ఒక బొమ్మ చూపించినాడు. ఇంగ్లాండు దేశంలో ఒక బయలులో పెద్దపెద్ద రాళ్ళు గుండ్రంగా నిలబెట్టి, వాటి మీద ఇంకొన్ని రాళ్ళు అడ్డంగా పెట్టిరంట. వేల ఏండ్ల కింద పెట్టిరంట, ఎందుకు పెట్టినారో ఎవరికీ తెలీదంట, దాన్ని చూడ్డానికి ప్రపంచమంతా విమానాలెక్కి వస్తారంట. సుంకన్న ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసి, ఇదేనా, దీనికేనా అంతమంది పోయేది, రాళ్ళకు నగిషీ లేదు, పాలిషు లేదు, మన గని పక్కన పారేసిన రాళ్ళు ఇంతకంటే బాగుంటాయి గదా అన్నాడంట. అన్నవాడు అంతటితో ఊరుకోవచ్చు గదా? ఊరుకుంటే నేను మీకీ కథ ఎట్ల చెప్పేది!

మన కొండ కింద రాకాసి గుళ్ళుండాయి, అవీ అట్లాంటి పాత రాళ్ళే, ఎవరు పెట్టినారో వాటికీ తెలీదు. వాటిని చూడ్డానికి గొర్రెలు తప్ప ఎవరూ పోరు. అదే ఇంగ్లాండుదంటే అందరికీ ముద్దే.

నెల దినాలు తిరిగి, గనుల కాడ పనికిరావని పారేసిన రాళ్ళలో పొడుగాటివి ఏరి, పాత స్నేహంతో గని క్రేను అడిగి తెచ్చుకొని, హోటలు పక్క బయలులో గుండ్రంగా గుంతలు తీసి రాళ్ళు నాటినాడు సుంకన్న. రెండేసి రాళ్ళ మీద ఒక రాయి అడ్డం. బోర్డు కూడా రాయించినాడు, 'ఇంగ్లాండు రాళ్ళు ఇచ్చటనే చూడుడు, వేడి వేడి ఉగ్గాని లభించును' అని. మరుసటి దినం ఎమ్మెల్యే తమ్ముడో ఎవరో వచ్చి రిబ్బను కత్తిరిస్తారు. అంతా బాగుంది. క్రేను సందకాడికల్లా గనికి తిరిగి పోవాల. అప్పుడు, ఇంక ఒక్కటే మిగిలిన కడాకరు అడ్డం రాయిని పైకెత్తుతాంటే గొలుసు జారి రాయి కిందపడి మూడు ముక్కలాయె.

ఇక్కడ కొంచెం ఆగండి. ఇక్కడ మన ఊరి పద్ధతి ఒకటి చెప్పాల, అది తెలీకుంటే మిగతాది తలకెక్కదు.

మన ఊర్లో మనిషి పోతే పూడ్చినకాడ తలాపున రాయి నిలబెట్టాల, రాయి మీద పేరు చెక్కాల, చెక్కినాక కడుపున పుట్టినవాళ్ళు ఆ రాయి మీద నీళ్ళు పోసి ముమ్మారు ఆ పేరు పెట్టి పిలవాల. బతికినన్నాళ్ళు అమ్మను అమ్మా అనే అంటాం, నాయనను నాయనా అనే అంటాం, పేరు పెట్టి పిలిచేది ఆ ఒక్క దినమే. అది జరిగేదాకా ఇంట్లో పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఇంకో సంగతి మా అవ్వ చెప్పింది, అది శానామందికి తెలీదు. రాయి లేని మనిషి ఎవరికైనా కనిపిస్తాదంట, ఎవరితోనైనా మాట్లాడతాదంట, ఒక్క కన్నబిడ్డలకు మాత్రం కనిపించదు, వినిపించదు. వాళ్ళు పేరు పెట్టి పిలిస్తేనే కనిపిస్తాదంట, ఆ తర్వాతే తన దారిన తాను పోతాదంట.

చెన్నమ్మ తల్లి తిప్పక్క పోయి అప్పటికి మూడేండ్లు. ఒక్కతే కూతురు. మొగుడు లేక, గనిలో తట్టతో రాళ్ళ ముక్కలెత్తి ఆ కూతుర్ని సాకింది. తల్లీతండ్రీ లేని సుంకన్నకు ఆ గనిలోనే సద్ది పెట్టి పెట్టి, కడాకు పిల్లనిచ్చి ఇంట్లోనే పెట్టుకుంది. నోరు మాత్రం, అబ్బా, ఆ నోటికి గనిలో మేస్త్రీలు కూడా పక్కకు తప్పుకునేటోళ్ళు. కూర చూస్తే ఉప్పు, మనిషిని చూస్తే తప్పు, చూడగానే చెప్పేసేది. పోయేటప్పుడు అల్లునితో, నువ్వు ఊరందరికీ రాళ్ళు చీల్చినోడివి, నాకు మంచిది ఒకటి చూడు, గరుకుది పెట్టొద్దు అనిందంట. సుంకన్న తెచ్చినాడు కూడా. ఆరడుగుల నల్లరాయి, అద్దమట్ల పాలిషు. చెన్నమ్మ దాని మూలన పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి, కండ్లు తుడుచుకొని, పేరు ఎప్పుడు చెక్కిస్తావని అడిగింది. రేపు అన్నాడు. ఆ రేపు మూడేండ్లు ఆ రాయి హోటలు వెనక గోడకు ఆనుకొనే ఉండె. మూడేండ్లు ఆ ఆడమనిషి తల్లి పేరు నోట పలక్కుండా ఉండె. ఆలోచన చేయండి.

ఇప్పుడు అర్థమైంది గదా, కడాకరు రాయి పగిలినప్పుడు సుంకన్న కండ్లు ఎక్కడికి పోయినాయో? కొలత పెట్టినాడు, అతికినట్లు సరిపాయె. నాలుగు దినాలే, వేరే రాయి దొరకగానే దించేస్తా అనుకున్నాడు. చెన్నమ్మ పిండి మరకు పోయింది చూసి, క్రేనుతో ఎత్తించి అత్త రాయిని రెండు రాళ్ళ మీద అడ్డంగా పండబెట్టినాడు. ఆయమ్మ వచ్చి, గోడ కాడ రాయేదీ అని అడిగితే, చెక్కడానికి బేతంచెర్ల పంపించినా అన్నాడు. ఆ మాట వినేసరికి చెన్నమ్మ మొహం ఎట్ల వెలిగిందంటే, చూసినవాళ్ళు చెప్పినారు, ఆ పూట ఉగ్గానిలో పప్పులపొడి రెండింతలు వేసిందంట.

ఇంగ్లాండు రాళ్ళు బ్రహ్మాండంగా ఆడినాయి. బస్సులు ఆగినాయి, కార్లు ఆగినాయి, పెండ్లికి ముందే పెండ్లి బట్టలేసుకొని ఫొటోలు దిగేవాళ్ళు వచ్చిరి. కడప నుంచి ఒక రిటైరు హెడ్మాస్టరు వచ్చి, నీడ పడే తీరు చూసి, ఇది గడియారం అన్నాడు. అనంతపురమాయన ఒకడు కాదు, గుడి అన్నాడు. ఇద్దరూ కొట్టుకొని ఇద్దరూ రెండేసి ప్లేట్లు తినిపోయినారు. సుంకన్న గల్లాపెట్టె కాడ కాలు మీద కాలేసుకొని, నేను ఎప్పుడో చెయ్యాల్సిన పని అనుకున్నాడు.

వారం గడిచింది. శుక్రవారం, ఎండ నెత్తిన మాడ్చేస్తాండాది, రాళ్ళకు నీడే లేదు. ఒక కుటుంబం రాళ్ళ నడుమ నిలబడి ఫొటో తీసుకుంటాంటే, ఆ ఇంటాయన పైకి చూసి, ఏమవ్వా, ఆ వయసులో అంత పైకి ఎట్ల ఎక్కినావు, దిగు, పడతావు అన్నాడంట. పైన ఎర్రచీర కట్టుకున్న ముసలామె, కాళ్ళు వేలాడేసుకొని, వక్కాకు నమలతా, నా సంగతి అట్లుండనీ నాయనా, నువ్వు ఆ సాంబారు తాగొద్దు, అది నిన్నటిది అనిందంట. ఆయన తెల్లచొక్కా మీద ఎర్రగా వక్కాకు ఉమ్మి కూడా పడింది. తుడుచుకొని మళ్ళీ చూస్తే రాయి మీద ఎవరూ లేరు. అరిచినారా? అరవలేదు. నేరుగా హోటలుకు వచ్చి సాంబారు వాసన చూసి, నిజమే, నిన్నటిదే అని, చేతులు కడుక్కొని పోయినారు.

సుంకన్న ఆ మాటలు హోటలు లోపల్నుంచే విన్నాడు. ఆ గొంతు వానికి తెలీదా? గంటె చేతిలో పట్టుకొని అట్లే నిలబడిపాయె.

ఆ దినం నుంచి రోజూ పన్నెండు దాటితే తిప్పక్క పైన ఉంటాది. ఊరికే ఉంటే సుంకన్న ఎట్లో సర్దుకునేవాడు. ఊరికే ఉండే మనిషా ఆమె? వచ్చిన ప్రతోళ్ళకూ హోటలు గుట్టంతా చెప్పేది. పప్పులో రెండు చెంబులు నీళ్ళు ఎక్కువ పోసినాడు చూడు అని, బజ్జీల నూనె మారిస్తే గదా కడుపు బాగుండేది అని, అల్లుడు చేయి కడుక్కోకుండా పొగాకు నలిపిన చేత్తోనే ప్లేటు ఇస్తాండాడు అని. ఒకామెతో, నీ కోడలు మంచిదేలే, నువ్వే నోరు తగ్గించుకో అనిందంట, ఆ కోడలు మాత్రం మరుసటి వారం మళ్ళీ వచ్చింది. మిగతావాళ్ళు రాలేదు. దెయ్యాలకు భయపడి రాలేదనుకుంటాండారా? మన జనం దెయ్యాన్ని చూడ్డానికి ఇంకా ఎక్కువ వస్తారు. పప్పులో నీళ్ళు అనేసరికి రాలేదు.

చెన్నమ్మ సంగతి చూడండి. అందరూ పైకి చూసి బిత్తరపోతాంటే, ఆయమ్మకు ఖాళీ రాయి, ఎండ తప్ప ఏమీ కనిపించదు. ఎవరున్నారు, ఎవరున్నారు అని అడుగుతాది, మొగుడు ఎవరూ లేరు, జనాలకు ఎండదెబ్బ అంటాడు. ఇంకొకర్ని అడిగితే ఎర్రచీర అంటారు, వక్కాకు అంటారు. ఆయమ్మకు అనుమానం వచ్చింది. ప్లేటులో ఇంత ఉగ్గాని పెట్టుకొని రోజూ మధ్యాహ్నం ఆ రాళ్ళ నడుమ నిలబడి పైకి చూసేది. పిలుద్దామంటే పేరు ఎత్తకూడదు, రాయి ఇంకా బేతంచెర్లలో ఉండాదని గదా ఆయమ్మ లెక్క. పైన తిప్పక్క కూడా ఆ ఒక్క గడియ నోరు మూసుకొని కూతురినే చూస్తా ఉండేదంట. అది చూసినప్పుడు మాత్రం సుంకన్న గల్లాపెట్టె దిక్కు తిరిగి, లెక్కపెట్టిన చిల్లరే మళ్ళీ లెక్కపెట్టేవాడు. అయినా నోరు తెరిచి నిజం చెప్పలేదు. చెప్తే పెండ్లాం ఏమంటాదో అని భయం, దించేస్తే రాళ్ళ గుండ్రంలో పన్ను ఊడినట్లుంటాదని ఇంకో భయం.

కడాకు బనగానపల్లె పోయి కుళ్ళాయిస్వామిని పిలుచుకొచ్చినాడు, దెయ్యాలు వదిలించే మనిషి. ఆయన వేపమండలు, నిమ్మకాయలు, గంట, అన్నీ పట్టుకొని సరిగ్గా పన్నెండుకు దిగినాడు. ఊరంతా వచ్చింది, నేనూ పోయినా, అబద్ధం చెప్పే వయసు దాటిపోయింది నాకు. స్వామి నిమ్మకాయ రాయి కింద పెట్టి కత్తి ఎత్తేసరికి పై నుంచి, కోసినాక పారేయొద్దయ్యా, మా అల్లుని మజ్జిగలో పిండు, వాడు నిమ్మకాయ మొహం చూసి ఆరు నెలలాయె అనింది. జనం ఒకటే నవ్వు. స్వామి మంత్రం ఎత్తుకున్నాడు. నడిమధ్యలో ఒక ముక్క మర్చిపోయినావు, మొదటి నుంచి చదువు అనింది. పాపం ఆయన మొదటి నుంచి చదివినాడు.

అయితే కుళ్ళాయిస్వామి తెలివైనవాడు. మంత్రం పనిచేయకపోతే మాట పనిచేస్తాదని తెలిసినవాడు. గంట పక్కన పెట్టి, నువ్వు దీని మీదనే ఎందుకు కూర్చుంటాండావు, ఇన్ని రాళ్ళుండాయి గదా అని అడిగినాడు. సుంకన్న మధ్యలో దూరి, స్వామీ, ఇవన్నీ ఇంగ్లాండు మాదిరి రాళ్ళు, వీటికీ మనుషులకూ ఏం సంబంధం లేదు అన్నాడు. తిప్పక్క పైనుంచి కిందికి వంగి మెల్లగా ఏదో చెప్పింది. స్వామి విని చెన్నమ్మ దిక్కు తిరిగినాడు. ఆయమ్మ ప్లేటు పట్టుకొని అట్లే నిలబడి ఉంది, అందరూ ఎందుకు నవ్వుతాండారో తెలీని మొహం పెట్టుకొని.

అమ్మా, నీకు వినపడదు కాబట్టి నేను చెప్తాండా అన్నాడు స్వామి. ఈ రాయి కింద దిక్కు, కుడిమూల చూడమంటాంది. నీ చేత్తో పూసిన పసుపు ఉండాదంట.

చెన్నమ్మ పోయి ఆ మూల కింద నిలబడి తలెత్తింది. పసుపు పాలిపోయినా, కుంకుమ బొట్టు మాత్రం అట్లే ఉండె. ఎంతసేపు చూసిందో.  మొగుడ్ని తిడతాదనుకున్నాం, కొడతాదనుకున్నాం, కొట్టినా తప్పు లేదనుకున్నాం.  ఆయమ్మ మాత్రం హోటల్లోకి పోయి, మండే పొయ్యి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, వచ్చి ఆ రాయి కింద బాసింపట్టు వేసుకొని కూర్చుంది. మా అమ్మ పేరు నేను పిలిచేదాకా ఈ హోటల్లో పొయ్యి ముట్టించను, నువ్వు కావాలంటే ఇంగ్లాండు పోయి వండించుకో అనింది. అంతే.

అదే సమయానికి తిరుపతి బస్సొకటి ఆగింది, యాభైమంది ఆకలితో దిగినారు, పొయ్యి చల్లారిందని తెలిసి తిరిగి ఎక్కినారు. సుంకన్న ఆ బస్సును చూసినాడు, పెండ్లాన్ని చూసినాడు, అటకెక్కించిన ఉలీ సుత్తీ దించినాడు.

రాళ్ళు చీల్చేవాడు వేరు, అక్షరం చెక్కేవాడు వేరు. సుంకన్న జీవితంలో అక్షరం చెక్కింది లేదు. ఎండలో, మోకాలు కీచుమంటాంటే, నిచ్చెన మీద నిలబడి మూడు దినాలు చెక్కినాడు. పక్కనే తిప్పక్క. ఆమెకు చదువు రాదు, అయినా వంకర పోతాంది, లోతు చాలదు, ముందు ముఖం కడుక్కొని వచ్చి చెక్కు అని ఒకటే నస. మూడో దినం సుంకన్నకు సహనం పాయె. ఉలి కింద పెట్టి, మూడేండ్లు ఎందుకు చెక్కలేదో తెలుసునా అత్తా అన్నాడంట. నాకు సద్ది పెట్టినదానివి నువ్వు. ఇంకొకరు పెట్టలేదు. రాయి నిలబెట్టి పేరు పెట్టి పిలిస్తే నువ్వు నిజంగానే పోయినట్లు గదా. గోడకు ఆనించి ఉన్నంతకాలం ఏదో ఊరికి పోయినావు, వస్తావు అనుకున్నా. ఆ మాట చెప్పి నిచ్చెన మీదనే ఏడ్చినాడు, అరవై ఏండ్ల మగోడు.

తిప్పక్క నోట్లోని వక్కాకు పక్కకు ఊసిందంట. తర్వాత, ఈ ముక్క మొదట్లోనే చెప్పుంటే నాకీ ఎండ తప్పేది గదరా, చెక్కు చెక్కు, సందకాడ అయితాంది అనింది.

పేరు అయిపోయినాక సుంకన్న, రేపు క్రేను తెచ్చి దించి, వంక అవతల నిన్ను పూడ్చినకాడ నీ తలాపున నిలబెడతా అన్నాడు. ఆమె వద్దనింది. పుట్టినకాడ్నుంచి గని గుంతలోనే బతికినా, ఇరవై అడుగుల కింద, తలెత్తితే ఆకాశం తప్ప రోడ్డు అనేది కనపడేది కాదు. వంకవతల కూడా గుంతే. ఇక్కడ బస్సులు కనపడతాండాయి, మనుషులు కనపడతాండారు, పద్ధతి ఏదైనా కానీ, ఈ రాయిని పైనే ఉండనీ అనింది. ఊరి పెద్దలు, నిలబెట్టాల్సిన రాయిని అట్ల పండబెట్టి వదిలేస్తే ఎట్ల అన్నారు. ఆ సంగతి ఆమెతోనే మాట్లాడుకోండి, మధ్యాహ్నం రండి అన్నాడు సుంకన్న. ఒక్కరూ రాలేదు.

మరుసటి దినం మధ్యాహ్నం చెన్నమ్మ తలకు పోసుకొని బిందె తెచ్చింది. రాయి పైనుంటే నీళ్ళు ఎట్ల పోసేది? కింద నుంచే విసిరింది, సగం రాయి మీద పడినాయి, సగం నిచ్చెన పట్టుకున్న మొగుని మీద పడినాయి. తర్వాత పిలవాల. నోరు తెరిచింది, అలవాటుగా అమ్మా అనే వచ్చింది. పుట్టి బుద్ధెరిగి పలకని పేరు ఎట్ల వస్తాది? రెండోసారీ అమ్మా అనే వచ్చింది. అప్పుడు సుంకన్న తడిసిన మొహంతోనే, పిలువు చెన్నీ, వినేదానికే కూర్చుంది అన్నాడు. తిప్పక్కా అనింది చెన్నమ్మ. మళ్ళీ అనింది. మూడోసారి అరిచింది చూడండి, రోడ్డు మీద లారీ బ్రేకు వేసింది.

వెంటనే పైనుంచి, ఎందుకే అట్ల అరుస్తావు, నాకేం చెవుడా అని వినపడింది. చెన్నమ్మకు వినపడింది. ఎర్రచీర కనపడింది, వేలాడే కాళ్ళు కనపడినాయి. ఏమమ్మా, ఎట్లుండావమ్మా అని అడగబోయేలోపే, పచ్చడి రోట్లో నూరడం మానేసి మిక్సీలో వేస్తాండావంట, సిగ్గు లేదా నీకు అనింది తిప్పక్క. చెన్నమ్మ ఆ రాళ్ళ నడుమ నేల మీద కూర్చొని, ఏడుస్తాందో నవ్వుతాందో తెలీకుండా, లేదమ్మా, రేపట్నుంచి రోట్లోనే నూరుతా, ఒట్టు అంటా ఉండిపోయింది. చూస్తాన్న మాకు కూడా కండ్లు ఆగలేదు, అబద్ధమెందుకు.

పేరు పెట్టి పిలిచినాక పోవాల గదా అని మీరడుగుతారు. పోయిందని కొందరు, పోలేదని కొందరు. పప్పు మాత్రం ఇప్పుడు గట్టిగా ఉంటాది, పచ్చడి రోటిదే, బస్సులన్నీ ఆగుతాండాయి. మధ్యాహ్నం ఆ రాయి కింద తెల్లచొక్కాలు వేసుకున్నోళ్ళు నిలబడితే మాత్రం మంచిది కాదు.

కాబట్టి చెప్తాండా, ఉగ్గాని తినాలంటే పొద్దున్నే పోండి, తినండి, ఇంగ్లాండు చూడండి, రండి. ఎండ నెత్తికెక్కినాక ఆ రాళ్ళ నడుమకు పోవాకండి, మన ఇంటి గుట్టు ఆమె నోట్లో పడతాది. ముఖ్యంగా నువ్వు పోవాకు ఓబుళేసూ. మీ నాయన రాయి ఇంకా పేరు చెక్కకుండా మీ గొడ్ల కొట్టం గోడకే ఆనుకొని ఉండాదంట గదా, మీ నాయనా తిప్పక్కా ఒకే గనిలో పనిచేసినోళ్ళు, మొన్న మధ్యాహ్నం ఆమె పక్కన తలపాగా కట్టుకున్న మనిషి ఒకడు కూర్చొని ఉన్నాడని బస్సు కండక్టరు చెప్పినాడు.